మునగాకు వేసిన చోడి రొట్టె

మా వైపు షుగరొచ్చిందంటే ఎవరూ జాలిపడరు. "షుగరేనా" అని ఊపిరి పీల్చుకుంటారు. మాది ఉద్దానం. వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా కొబ్బరి తోటల మధ్య ఉన్న ఊరు. ఇక్కడ జబ్బంటే ఒకటే జబ్బు, కిడ్నీ. మిగతావన్నీ నలత కింద జమ. మా ఆయనకి షుగరుందని టెక్కలిలో రక్తపరీక్ష చేసి చెప్పిన సాయంత్రం పక్కింటి ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "కిడ్నీ కాదు కదమ్మా. గండం గడిసింది. అమ్మోరికి ఓ కొబ్బరికాయ కొట్టు" అంది. కొట్టాను. ఆ నీళ్ళు గ్లాసులోకి వంచి ముందు ఆయనకే ఇచ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఆ ముసలమ్మని అని ఏం లాభం. ఆ జబ్బు మంటలో మా ఇల్లు అప్పటికే ఒకసారి కాలి ఉంది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కిడ్నీ జబ్బుతోనే పోయారు. డయాలిసిస్ కోసం పలాస తీసుకెళ్ళి తీసుకొచ్చింది మా ఆయనే. మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, మనిషి తూలిపోతుంటే తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని తెచ్చేవాడు. మనిషి పోయాక కూడా ఆ తువ్వాలు చాలా కాలం దండెం మీదే ఉండిపోయింది. తీసేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు.

అప్పట్నుంచి ఆయన ఊళ్ళో బోరు నీళ్ళు నోట పోసుకోలేదు. కిడ్నీలు పోవడానికి నీళ్ళే కారణమని మా దగ్గర చాలామంది నమ్మకం. కాదు మట్టి అనేవాళ్ళున్నారు, తోటలకి కొట్టే మందులనేవాళ్ళున్నారు. ఇదీ అని ఖాయంగా చెప్పిన మనిషి ఇంతవరకూ నాకు ఎదురుపడలేదు. ఆయన మాత్రం నీళ్ళనే పట్టుకున్నాడు. అందరిళ్ళలోకీ వచ్చినట్టే మా ఇంట్లోకీ డబ్బా నీళ్ళు వచ్చాయి. వాటినీ అనుమానంగానే చూసేవాడు. "ఆ డబ్బాలో ఏ బోరు నీల్లు పట్టినాడో నువ్వు సూసినావేటి?" అనేవాడు. ఇంట్లో ఉన్నంతసేపూ గుక్కెడు తాగితే ఎక్కువ.

టెక్కలి డాక్టరు మాత్రం షుగరే కదా అని తేలిగ్గా తీసుకోలేదు. ఆయన్ని బయట కూర్చోమని నాతో మాట్లాడాడు. "అమ్మా, ఈయన కిడ్నీలు ఇంకా పోలేదు, కానీ అంచు మీద ఉన్నాయి. మీ ప్రాంతం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. షుగరు ఇలాగే ఉంటే వాటిని ఎవరూ నిలపలేరు. మందులు నేనిస్తాను. తిండి మీ చేతిలో ఉంది" అన్నాడు. బస్సులో తిరిగి వస్తుంటే ఆయన కిటికీలోంచి చూస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. నాకు మాత్రం దండెం మీద తువ్వాలే కళ్ళ ముందు ఊగింది. ఈసారి ఈ మనిషిని ఎవరి నడుముకి కట్టాలి? నాకు మోటారు సైకిలు కూడా రాదు. ఏం వండినా, ఏం మానిపించినా, ఆయన కిడ్నీలు నిలబడాలి. నాకు అంతకన్నా వేరే కోరిక లేదు.

మా ఆయన తిండిపుష్టి గల మనిషి. పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కోకపోతే వేసవి వచ్చినట్టే కాదు. పనసపండు కోస్తే తొనలు లెక్కపెట్టుకుని తినే రకం కాదు. కొబ్బరిలౌజు చేసిన రోజు డబ్బాకి మూత పెట్టనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ముందు కాకరకాయ రసం పెట్టాను. నాకు తెలిసిన షుగరు వైద్యం అదొక్కటే. పొద్దున్న కాకర రసం, మధ్యాహ్నం గుప్పెడన్నం, చప్పిడి కూర. మూడో నాటికి ఆ గ్లాసు పెరట్లో అరటిమొక్క మొదట్లో దొరికింది.

"నన్ను బతికించాలనుకుంతన్నావా, సంపాలనుకుంతన్నావా?" అన్నాడు.

"నోరు కట్టుకోపోతే ఆ రెండోదే అవుతాది బావా" అన్నాను నేను. మాది మేనరికం. చిన్నప్పట్నుంచీ నాకు ఆయన బావే.

రుచి లేని తిండి మనిషిని నిలబెట్టదని నాకు పది రోజుల్లోనే అర్థమైంది. కోపం మీద తినకపోతే ఆకలి మీద పలాస బస్టాండులో ఏదో ఒకటి తినేస్తాడు. అందుకని కాకరకాయని అవతల పెట్టి, మా అమ్మ వంటని వెనక్కి తెచ్చుకున్నాను. మా పుట్టిల్లు నిమ్మాడ. మా ఇంట్లో చోళ్ళు, అంటే రాగులు, రోజువారీ తిండి. మునగాకు దూసి, ఉల్లిపాయా పచ్చిమిరపా సన్నగా తరిగి, చోడిపిండిలో వేసి, వేణ్ణీళ్ళతో కలిపి అరిటాకు మీద తట్టి, ఆ ఆకుతోనే పెనం మీదికి బోర్లించాలి. ఆకు రంగు తిరిగాక ఒలిచేస్తే రొట్టె మీద ఈనెల అచ్చు పడుతుంది. అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. దాంతో నువ్వుల పచ్చడి నంజుకుంటే నా మటుకు నాకు పెళ్ళి భోజనం అక్కర్లేదు.

మొదటిసారి కంచంలో వేస్తే ఆయన దాన్ని వేలితో తిరగేసి చూశాడు. "ఇది మీ నిమ్మాడ తిండి. మా ఇంట్లో గొడ్లకి కూడా పెట్టం" అన్నాడు. అత్తవారిది భూములున్న ఇల్లు. చోళ్ళు కూలివాళ్ళ తిండని వాళ్ళ లెక్క.

"మీ ఇంట్లో గొడ్లకి షుగరు లేదు" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వులో ఒక ముక్క తుంచుకున్నాడు. నమిలి, "ఉప్పు సాల్లేదు" అన్నాడు. ఉప్పు తగ్గించమని డాక్టరే చెప్పాడు, నేను కావాలనే తగ్గించాను. రొట్టె మాత్రం మొత్తం తిన్నాడు. ఆ రోజు మొదలు, ఎప్పుడు వేసినా మొదటి ముక్కకి "ఉప్పు సాల్లేదు" అనడం, తర్వాత మాట్లాడకుండా తినడం ఆయనకి అలవాటైపోయింది.

అక్కణ్ణుంచి నాకు హుషారొచ్చింది. గానుగలో నువ్వుల నూనె తీసేశాక మిగిలే తెలగపిండి తెప్పించి, మునగాకు వేసి, వెల్లుల్లి తాలింపు ఘాటుగా పెట్టి పొడిపొడిగా కూర చేశాను. లేత పనసకాయ పొట్టు కొట్టి ఆవ పెట్టాను. పండు తినకూడదన్న మనిషికి అదే చెట్టు కాయ కూరగా కంచం నిండా పెట్టొచ్చని తెలిసి ఇద్దరం మురిసిపోయాం. ఉలవలు ఉడికించిన గుగ్గిళ్ళు సాయంత్రం చిరుతిండి. గంపలో కవళ్ళు తెచ్చే ఆమె వస్తే, ఆ చేపలకి పసుపూ కారం పట్టించి పెనం మీద రెండు చుక్కల నూనెతో కాల్చేదాన్ని. జీడిపప్పు సీజన్లో పచ్చిపప్పు ఓ గుప్పెడు వంకాయ కూరలో పడేది. అన్నం తగ్గిందన్న సంగతే ఆయన మర్చిపోయాడు. తోటకెళ్ళేటప్పుడు టిఫిను గిన్నెలో రొట్టె పెట్టమని తనే అడిగేవాడు. గొడ్ల తిండన్న నోటితోనే తోటి రైతులకి, "మా ఇంటిది సేసిన చోడి రొట్టె తినండ్రా, తర్వాత మాటాడండి" అని పంచాడట.

అబద్ధమెందుకు, మా సంసారంలో అంత సరదాగా వండిందీ తిన్నదీ ఎప్పుడూ లేదు. పెళ్ళైన కొత్తలో కూడా ఆయన పొయ్యి దగ్గరికొచ్చి మూత తీసి చూసింది లేదు.

షుగరు మాత్రం దిగలేదు. నెలకోసారి టెక్కలి వెళ్ళడం, రక్తం ఇవ్వడం, డాక్టరు మొహం ముడుచుకోవడం. మందు పెంచాడు. మళ్ళీ పెంచాడు. "ఏం పెడుతున్నారమ్మా ఇంట్లో?" అని నన్నడిగాడు. చెప్పాను. స్వీట్లు? లేవు. టీలో పంచదార? లేదు. పళ్ళు? ఎప్పుడైనా ఒక జామకాయ. కూల్ డ్రింకులు, మందు? ఆయన జన్మలో ముట్టలేదు. డాక్టరు నమ్మలేదు. నమ్మలేదన్న సంగతి కలం పట్టుకున్న తీరులోనే తెలిసిపోయింది. బయటికొచ్చాక ఆయన్ని నిలదీశాను. "నీ మీదొట్టు, ఏటీ తినలేదు" అన్నాడు. నేనూ నమ్మలేదు. బస్టాండు మిఠాయి కొట్టువాడిని అడిగాను, చొక్కా జేబులు వాసన చూశాను. ఇంత వయసొచ్చాక మొగుడి జేబులు బెల్లం వాసన కోసం వెతకాల్సి వచ్చింది, నా ఖర్మ.

రావివలసలో ఉండే మా పెద్దాడపడుచుకి ఈ కబురు చేరింది. తమ్ముణ్ణి చూడ్డానికని వచ్చి, కాళ్ళు కడుక్కోకముందే నన్ను పట్టుకుంది. "నువ్వే దొంగసాటుగా తీపి పెడతన్నావు. నేకపోతే సుగరు ఎందుకు దిగదే?"

"నాకేటి సరదా వొదినా, ముండమొయ్యాలని?" అన్నాను. ఆ మాట అనకూడదు, తెలుసు. నోట్లోంచి వచ్చేసింది.

ఆవిడ తమ్ముడి మొహం చేత్తో నిమిరి, "సూడు ఎలగ సిక్కిపోయినాడో. ఒల్లంతా ఏడి సేసీసింది. పాలేరుతో సెప్పి ఓ బొండం కొట్టించు" అంది. బొండం వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని గడగడా తాగాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నాకేమీ తోచలేదు. తోచకపోవడం కూడా కాదు, చూస్తున్నట్టే లేను. గాలి పీల్చుకుంటున్న మనిషిని ఎవరు చూస్తారు?

మా ఉద్దానంలో కొబ్బరి నీళ్ళు అంతే. జ్వరమొచ్చినా అవే, వాంతులైనా అవే, ఇంటికి చుట్టమొచ్చినా అవే. పసిపిల్లకి చెంచాతో పడతాం, పోయే ప్రాణానికి నోట్లో పోస్తాం. కిడ్నీకి చలవ చేస్తాయని ఊరూరా చెబుతారు. అవి తిండి లెక్కలోకి రావు కనక ఏ డాక్టరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన టిఫిను గిన్నె మర్చిపోయి తోటకెళ్ళాడు. రొట్టె చల్లారిపోతుందని నేనే పట్టుకుని బయల్దేరాను. ఇసుక దారి, కాళ్ళు కాలుతున్నాయి. మోటారు పాక దగ్గరికి వెళ్ళేసరికి పాక పక్కన కొట్టిన బొండాల కుప్ప కనిపించింది. అడుగున ఉన్నవి ఎండి గోధుమరంగుకి తిరిగాయి. పైనవి పచ్చగా, ఇంకా తడిగా ఉన్నాయి, వాటి మీద చీమలు బారులు కట్టాయి. బొండాలమ్మేవాడెవరో ఖాళీవి ఇక్కడ పారబోసి వెళ్తున్నాడేమో అనుకున్నాను. పాకలోకి చూస్తే ఆయన కత్తి పక్కన పెట్టుకుని, తల వెనక్కి వాల్చి తాగుతున్నాడు. పక్కన చెక్కిన బొండాలు ఇంకా ఉన్నాయి.

నన్ను చూసి మూతి తుడుచుకుని, "ఎండన పడి వొచ్చినావేటే? కూకో, నీకూ ఒకటి కొట్టీసిస్తాను" అన్నాడు.

తప్పు చేస్తూ దొరికినవాణ్ణి తిట్టొచ్చు. నీకూ ఒకటి ఇస్తాననేవాణ్ణి ఏమని తిట్టను? గిన్నె కింద పెట్టి ఇసుకలోనే కూలబడ్డాను.

"రోజూ ఇవేనా బావా తాగడం?"

"దాహమేస్తే తాగనా? నీల్లే కదే."

"అవి నీల్లు కావు బావా. తియ్యగుంతాయి కదా."

"మరేటి తాగమంటావు?" ఒక్కసారిగా ఆయన గొంతు మారిపోయింది. "మా అన్న ఈ బోరు నీల్లే తాగినాడు. ఈ పాకలోనే కూకోని తాగినాడు. ఆడు ఎలగ సచ్చినాడో నువ్వు ఇంట్లో సూసినావు. నాను దారంతా ఈపు మీద మోసినాను. ఇంక ఆ నీల్లు నా గొంతు దిగవు."

అన్నగారు పోయినప్పట్నుంచీ, ఇన్నేళ్ళూ, పొద్దున్న తోటకెళ్ళింది మొదలు పొద్దుగూకేవరకూ ఆయనకి దాహానికి బొండాలే. చెట్లు మావి, చెయ్యి చాస్తే కాయ. కిడ్నీలు కాపాడుకోవడానికని తాగాడు. నేను ఇంట్లో అన్నం మెతుకులు తగ్గించి, కూరలో నూనె చుక్కలు తగ్గించి, రొట్టెలో ఉప్పు తగ్గించి కూర్చుంటే, అక్కడ రోజుకో కుండెడు తియ్యనీళ్ళు ఒంట్లోకి వెళ్ళాయి. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఊరి మీద కోపమొచ్చింది. ఈ నీళ్ళ మీద, ఈ మట్టి మీద, కారణం తెలియదు తెలియదు అంటూనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన అందరి మీదా వచ్చింది. దాహమేస్తే ధైర్యంగా చెంబెడు నీళ్ళు తాగలేని ఊరు కూడా ఒక ఊరేనా?

ఆయన మానేశాడు. ఆ మాట ఒప్పుకోవాలి. డబ్బా నీళ్ళు మరగబెట్టి, కాసింత జీలకర్ర వేసి సీసాలో పోసి ఇస్తే, కళ్ళు మూసుకుని మందు తాగినట్టు తాగేవాడు. తర్వాతిసారి టెక్కలి వెళ్ళేసరికి షుగరు దిగింది. ఆ తర్వాతిసారి ఇంకా దిగింది. డాక్టరుకి బొండాల సంగతి చెబితే నుదురు కొట్టుకుని, "నాక్కూడా తట్టలేదమ్మా" అన్నాడు. మొదటిసారి నా వైపు మర్యాదగా చూశాడు. అలా చూస్తూనే, చేతిలో కాగితం తిప్పి, కిడ్నీ పరీక్ష మాత్రం బాగా లేదన్నాడు. అంచు దాటిపోయిందట. పలాసలో కిడ్నీ డాక్టరుకి చూపించమన్నాడు.

కిడ్నీ డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. అన్నీ చూశాక తిండి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. కొబ్బరి నీళ్ళ పేరే ఎత్తొద్దన్నాడు, అది మాకు ముందే తెలిసొచ్చింది. మునగాకు వద్దన్నాడు, అందులో ఉండే పొటాషియాన్ని దెబ్బతిన్న కిడ్నీ బయటికి పంపలేదట. మిగతా ఆకుకూరలు తప్పదనుకుంటే ఎప్పుడైనా, ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి. చోళ్ళు వద్దు. ఉలవలు వద్దు. తెలగపిండి వద్దు. పనస వద్దు. జీడిపప్పు వద్దు. చేప ఎప్పుడైనా చిన్న ముక్క. ఈయనకి మాత్రం కొలత ప్రకారం తెల్లన్నమే మేలన్నాడు.

ఒక్కొక్కటీ చెబుతుంటే నా వంటింట్లోంచి ఒక్కొక్క గిన్నె ఎత్తుకుపోతున్నట్టుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. మా ఇంట్లో మందూ మాదే, నాలుకా మాదే.

"బాబూ, ఇది సుగరు వొల్ల వొచ్చిందా, నీల్ల వొల్ల వొచ్చిందా?" అని ఆయన అడిగాడు.

డాక్టరు కాగితాలు మళ్ళీ తిరగేశాడు. "మీ ఊళ్ళో షుగరు లేనివాళ్ళకీ వస్తోంది కదా. మీకు ఏది ఎంత చేసిందో నేను చెప్పలేను" అన్నాడు. నిజం చెప్పినందుకు అతని మీద నాకు కోపం లేదు. ఆయన ఆ జవాబు విని తలూపి, చొక్కా మడత సరిచేసుకున్నాడు. తిరుగు దారిలో కూనిరాగం లేదు.

ఆడపడుచు మళ్ళీ వచ్చింది. "సుబ్బరంగా అన్నం తినీవోణ్ణి పట్టుకోని ఆకులూ అలములూ మేపినావు. కిడ్నీలు పోవా మరి?" అంది. ఆవిడ చెప్పి కొట్టించిన బొండం తమ్ముడు తాగిన రోజు నాకు గుర్తుంది, ఆవిడకి లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే పెద్ద తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. మింగేశాను. ఆ మింగింది ఇంకా అరగలేదు.

డయాలిసిస్ దాకా ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. ఆయన కంచంలో ఇప్పుడు తెల్లన్నం, ఉడకబెట్టి పిండేసిన కూర. మొదట్లో నేను పెట్టిన చప్పిడి తిండే మళ్ళీ వచ్చింది, ఈసారి దాన్ని అరటిమొక్క మొదట్లో పారబొయ్యడానికి ఆయనకి ఓపిక లేదు. తిట్టడు. ఉప్పు మాట ఎత్తడు. ఒక్కో రోజు మాత్రం, "ఒక్క ముక్క రొట్టె వెయ్యవే, ఏటవుతాది" అంటాడు. గొడ్ల తిండన్న మనిషి. నేను వెయ్యను. వెయ్యనని తెలిసే అడుగుతాడు.

మొన్న కళ్ళు తిరుగుతున్నాయని నేనూ టెక్కలిలో రక్తం ఇచ్చాను. షుగరుందన్నారు. కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. "మీకు తెలియనిదేముందమ్మా, చోళ్ళు, ఆకుకూరలు, ఉలవలు, మీరు వండేవే తినండి" అన్నాడు డాక్టరు. పక్కింటి ముసలమ్మకి చెబితే, "సుగరేనా" అంది.

నిన్న మధ్యాహ్నం ఆయన అరుగు మీద పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాడని చూసి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, పెనం పెట్టాను. వాసన పోకుండా కిటికీ కూడా మూశాను. నా ఇంట్లో నేను దొంగలా రొట్టె కాల్చుకున్నాను. ఒకటే కాల్చాను. ఆకు ఒలుస్తుండగా అరుగు మీంచి గొంతు వినిపించింది.

"ఏటి వొండుతున్నావు?"

"ఏటీ నేదు బావా."

 కుర్చీ ఈడ్చిన శబ్దమైంది. తలుపు సందులోంచి చూశాను. కుర్చీని అరుగు చివరికంటా లాక్కెళ్ళి, వంటింటి వైపు వీపు పెట్టి, వీధికేసి తిరిగి కూర్చున్నాడు.

"సల్లారిపోతే బాగోదు. తినీ" అన్నాడు, అటే చూస్తూ.

పొయ్యి పక్కన నిలబడే తిన్నాను. ఉప్పు చాల్లేదు. ఆయన ఆ మాట అనకుండా నేను ఆ రొట్టె తినడం అదే మొదటిసారి.